షూటింగు వాళ్లు వదిలిన ఉత్తర్వు

ఆ రోజుల్లో నాకు ప్రభుత్వమంటే ఎంత భక్తి అంటే, 'ఉత్తర్వు' అని గోడమీద కనబడితే చాలు, చెప్పులు విప్పి చదివేదాన్ని. కోస్తా నుంచి వచ్చి, ఫిల్మ్‌నగర్ అంచున ఉన్న సర్కారు బడిలో కొత్తగా టీచరుగా చేరాను. ఆదివారాలు మా బడిలో షూటింగులు జరిగేవి. (మా నల్లబల్ల ఎన్నో సినిమాల్లో వేసింది, నాకు మాత్రం ఒక్క వేషమూ రాలేదు.)

ఒక సోమవారం వెళ్లేసరికి ప్రతి గదిలోనూ నల్లబల్ల పైన పెద్ద చెక్కబోర్డు. దానిమీద దేవుడి శ్లోకం, కింద 'ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం ప్రతి తరగతిలో ఉంచవలెను' అని ఎర్రక్షరాలు. ఏమీ అర్థంకాక హెడ్మాస్టరుగారి దగ్గరికి పరుగెత్తాను. "నాకేం ఎరుకమ్మా? పైనుంచి వచ్చినట్టుంది. తీస్తే అడుగుతరు, ఉంచితే ఎవ్వరడగరు. ఉండనీ," అన్నారు, ఎర్రగడ్డలో పుట్టి పెరిగిన ఆ పెద్దమనిషి.

మర్నాడు షేక్‌పేట నుంచి ఆటో నడిపే ఖాన్‌భాయ్ వచ్చాడు. ఆయన కూతురు నా క్లాసులో అందరికంటే ముందు చెయ్యెత్తే పిల్ల. "సర్కారు రూల్ అంటున్నరు మేడం. మా బిడ్డ గీడ కూసోవచ్చునా, వేరే బడి చూసుకోవాల్నా? జర సాఫ్‌గ చెప్పుండ్రి," అన్నాడు. "కూర్చోవచ్చండీ... అంటే... ఉత్తర్వు నేనింకా చూడలేదండీ," అన్నాను. నా పని కుడితిలో పడ్డ ఎలుకలా అయింది. తర్వాతి రోజు ఆ పిల్ల రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఖాళీ చోటు చూస్తూ పాఠం చెప్పలేక చచ్చాను.

శుక్రవారం ఆర్ట్ డిపార్ట్‌మెంటు మనిషి నిచ్చెనతో దిగాడు. "మా బోర్డులేనండీ. సీను కొంచెం మిగిలిందని వదిలేశాం. ఎవరూ కదపలేదు కదా?"

"మేమెందుకు కదుపుతం? రోజూ దండం పెట్టుకుంటున్నం," అన్నారు హెడ్మాస్టరు నీరసంగా.

"ఇంతకీ సినిమాలో వీటినేం చేస్తారండీ?" అన్నాను.

"హీరో వచ్చి, 'ఎవరు పెట్టమన్నారు?' అని అడుగుతాడండీ. అదే మా సీను."

ఆ సాయంత్రమే షేక్‌పేట వెళ్లి అంతా చెప్పాను. ఖాన్‌భాయ్ పడీపడీ నవ్వి, "సినిమా సంగతి సరే మేడం, మీరెవ్వరు గా ముక్క అడగలేదా?" అన్నాడు. ఆదివారం సీను తీసి, బోర్డులన్నీ ఆ నిచ్చెనతోనే దించుకుపోయారు. పిల్ల సోమవారం వచ్చి, ఎప్పటిలా ముందే చెయ్యెత్తింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇప్పుడు ఏదో దేశంలో నిజంగానే అలాంటి చట్టం చేశారని పేపర్లో చదివితే, నాకు తెలియకుండానే గుమ్మం వైపు చూస్తాను, నిచ్చెన పట్టుకుని ఆయన వస్తాడేమోనని. నా వెర్రి గానీ, అన్ని బోర్డులూ సినిమావాళ్లవే అవుతాయా!