గాజుపెట్టె నీళ్లు

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది, వానలకు ముందు, నన్ను పులివెందుల నుంచి జమ్మలమడుగులోని నీటి పరీక్షల ల్యాబుకు సీనియర్ కెమిస్టుగా బదిలీ చేశారు. కొండాపురం దగ్గర ముంపు ఊళ్లవాళ్లు ఉంటున్న ఒక కాలనీలో బోరునీళ్లు ఉప్పు కషాయం. మిద్దెల మీది వాననీటిని తొట్లలో పట్టి, ఎండతో కాచి తాగడం వాళ్లకు నేర్పే పని నాకు అప్పగించారు.

పద్ధతి సులువే. ప్రొద్దుటూరులో చేయించిన గాజుమూత పెట్టె, అందులో నల్లరంగు వేసిన గిన్నె. గిన్నెలో చిన్న గాజుగొట్టం, దాని పైకొసన మైనం. నీళ్లు అరవై అయిదు డిగ్రీలు దాటితే మైనం కరిగి కిందికి జారుతుంది. ఆ వేడిలో కొంతసేపు ఉంటే రోగాలు తెచ్చే క్రిములు చస్తాయి, మరగకాచే పని లేదు. తొలివానలు పడి తొట్లు నిండాక ఇంటింటికీ తిరిగి నేర్పాను. నా అంతటిదాన్ని నేనే అనుకున్నాను కూడా.

మూడో వారంలో కాలనీ నుంచి మస్తాన్‌బీ ఫోన్ చేసింది. ఆమె కొడుకు కువైట్‌లో డ్రైవరు, కోడలు నూర్జహాన్‌కు ఏడో నెల.

"పొద్దున్నుంచి ఒకటే వాంతులు, బేదులు మేడమ్. జమ్మలమడుగు ఆసుపత్రికి తెచ్చినాం. నీ పెట్టె నీళ్లు తప్ప ఇంగో చుక్క తాగలేదు పిల్ల," అంది.

వెళ్లి చూస్తే ఆ అమ్మాయి కళ్లు లోపలికి పోయి ఉన్నాయి, చేతికి సెలైన్. బిడ్డ గురించి ఇప్పుడే ఏమీ చెప్పలేనంది డాక్టరమ్మ. దేవుడా, ఆ నీళ్లు మంచివని సంతకం పెట్టింది నేనే.

ఫలితం తేలేదాకా పొయ్యిమీద మరగకాచుకోండని కాలనీలో ఇంటింటికీ చెప్పి, మస్తాన్‌బీ ఇంట్లో రెండు సీసాలు పట్టాను. ఒకటి గిన్నెలోంచి, ఒకటి వాళ్లు తాగే కూజాలోంచి. ఆ సీసాల్లో మందు పూసిన కాగితం ఉంటుంది. నీళ్లు కలుషితమైతే ఒకటి రెండు రోజుల్లో నల్లబడతాయి. గంటకోసారి వాటినే చూశాను. అన్నం సయించలేదు. ఇంకెన్ని ఇళ్లలో పిల్లాపాపా అవే నీళ్లు తాగారోనని కాలనీ జాబితాలో పేర్లు లెక్కపెట్టాను.

మర్నాడు కూజా సీసా నల్లబడింది. గిన్నె సీసా తేటగానే ఉంది.

కోడలికి ఆ నీళ్లు ఎలా ఇచ్చేదో మస్తాన్‌బీని ఆసుపత్రి వరండాలో అడిగాను.

"సుర్రుమంటాంటే యాడ తాగుతాది మేడమ్? పెట్టెలోవి సగం, తొట్లోవి సగం పోసి ఇస్తాంటి. వేన్నీళ్లకు సన్నీళ్లు కలపకుండా ఎవురన్నా ఇస్తారా?"

నేను మైనం దాకా చెప్పాను. మూత తీయకుండా వాటంతటవే చల్లారనివ్వాలని చెప్పలేదు. ఆ మాటే ఆమెతో అని, తప్పు నాదన్నాను. ఆమె విన్నదో లేదో. "నా చేత్తోనే పోస్తినే అల్లా," అని గోడవారగా కూలబడింది.

నాలుగో రోజు నూర్జహాన్‌ను ఇంటికి పంపారు, బిడ్డ కదలిక బాగుందన్నారు. లోపం నాదేనని నేను రిపోర్టు రాసి పై అధికారికి పంపాను.

నీళ్లను నోటిదాకా వెంబడించి చూడాలని అక్కడే నేర్చుకున్నాను. రిటైరయ్యేదాకా ఏ ఊరికి పోయినా, పెట్టె దించకముందే ఇంటావిడను తాగడానికి గ్లాసెడు వేన్నీళ్లు అడిగి, ఆమె వాటిలో ఏం కలిపి తెస్తుందో చూసేదాన్ని.