ఎంచినవాడిదే మొదటి గంట

అంచక్క ఇంట్లో నాలుగు కుర్చీలున్నాయి. నాలుగింటి మీదా మడతపెట్టని బట్టలే కూర్చుంటాయి. మనుషులిద్దరూ నిలబడి భోంచేస్తారు.

ఇదేదో కొత్త ఆరోగ్య సూత్రం అనుకునేరు. ఆమె మొగుడు పదహారేళ్లు గడ్డికోత బండి మీద కూర్చున్నాడు. జన్మకు సరిపడా కూర్చునేశాడు కాబట్టి ఇప్పుడు ఇక దేని మీదా కూర్చోలేడు. పావుగంట కుర్చీలో ఉంటే నడుము దగ్గర మొదలైన మంట మడమ దాకా దిగుతుంది. అందుకే వంటగది గట్టు మీద పళ్లెం పెట్టుకుని, గోడకు ఒక భుజం ఆనించి తింటాడు. మూడేళ్లయింది. ఏడాదిగా అంచక్క కూడా అదే గట్టుకు రెండో చివర నిలబడుతోంది. "నీకు తోడుగా ఉంటుందని" అంటుంది. మొగుడు నమ్మినట్టు నటిస్తాడు. ఆ బండి నడిపినవాడికి తోడుకూ నొప్పికీ తేడా తెలియదా?

పెద్ద పెద్ద ఆవరణల్లో పచ్చిక కోసి, మొక్కలు కత్తిరించే కంపెనీలో ఆమెది పద్దెనిమిదేళ్ల సర్వీసు. కళాశాల మైదానాలు, ఆసుపత్రి ఆవరణ, ఆఫీసు మేడల ముందు తివాచీలా పరిచిన గడ్డి, అన్నీ ఆమె చేతి మీదివే. అక్కడ తిరిగేవాళ్లకు ఆమె ముఖం తెలియదు గానీ ఆమె తీసిన అంచు తెలుసు. బాట పక్కన గడ్డి పుస్తకం అంచులా తీరుగా ఆగిపోయి ఉంటుంది. అలా వచ్చిందే ఆ పేరు. అసలు పేరు జీతం చీటీ మీద ఉంటుంది, అదీ తప్పుగా.

ఈ ఏడాది పాత పెట్రోలు బండి కన్నుమూసింది. కొత్తది కొనాలి. జీరో టర్న్ రకం, అంటే ఉన్నచోటే బొంగరంలా తిరిగేది. దానికి స్టీరింగు ఉండదు, ఒడిలోకి వచ్చే రెండు లివర్లుంటాయి. ఈసారి డీజిల్ ఇంజనే తీసుకోవాలన్న దాంట్లో ఎవరికీ పేచీ లేదు. తడి గడ్డిలో పెట్రోలు బండి ఉబ్బసం మనిషిలా దగ్గుతుంది. డీజిల్‌ది ఎద్దు గుణం, ముక్కుతూనైనా పోతూనే ఉంటుంది. రోజుకు ఏడెనిమిది గంటలు తిప్పే చోట తక్కువ తాగి ఎక్కువ కాలం బతుకుతుంది. పేచీ అంతా ఏ డీజిల్ బండి అన్న దగ్గరే. దానికోసం ఒక కమిటీ వేశారు.

కమిటీలో ముగ్గురు. యజమాని, ఆయన బావమరిది, ఆఫీసు గుమాస్తా. యజమాని కోత బండి ఎక్కి ఇరవయ్యేళ్లు దాటింది. మిగతా ఇద్దరి అనుభవం షోరూములో ఫొటో దిగేంత. పద్దెనిమిదేళ్లు బండి మీదున్న మనిషిని కమిటీలో వేయాలని ఎవరికీ తోచలేదు. నిపుణుల సంఘాల్లో పనివాళ్లుంటే చర్చ పక్కదారి పడుతుందని పెద్దల నమ్మకం.

ఆమెను పిలిచింది రంగు గురించి అడగడానికి.

"పసుపుది, బూడిద రంగుది. గడ్డిలో ఏది బాగా కనిపిస్తుందో చెప్పు అంచక్కా" అన్నాడు యజమాని. ఆయన తల వెనక గోడకు అద్దం పటం ఒకటి వేలాడుతోంది. 'మేం ఎంచిన పనిముట్టు ముందు మేమే పట్టుకుంటాం' అని అందులో పెద్దక్షరాలు. కస్టమర్లు దాన్ని చదివి తల ఊపి వెళ్తుంటారు.

"పసుపుదే బావా!" బావమరిది ఊగిపోయాడు. "డెబ్బై రెండు అంగుళాల కోత. ఇంకోదానికి అరవయ్యే. పైగా రెండు హార్స్‌పవర్లు ఎక్కువ. కప్పు పెట్టుకోడానికి చోటు కూడా ఉంది."

"రెండు చేతులూ లివర్ల మీదుంటే కప్పు ఎవరెత్తుతారు బాబూ?" అంది అంచక్క.

"ఆగినప్పుడు తాగొచ్చు కదా."

"ఆగితే ఫోన్ చేసి ఎందుకాగావని అడిగేది మీరే కదా."

గుమాస్తా దగ్గొచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు.

"సార్, రంగు మీ ఇష్టం. గుర్రాలూ మీ ఇష్టం" అంది ఆమె యజమాని వైపు తిరిగి. "నాకు సీటు కావాలి. బూడిద రంగుదాని సీటు కింద స్ప్రింగులున్నాయి. మనిషి బరువుకు తగ్గట్టు తిప్పుకునే మర ఉంది. కాళ్ల కింద పలకకు రబ్బరు దిమ్మలున్నాయి. పసుపుదాని సీటు కింద ఏముందో వంగి చూశారా? నాలుగు బోల్టులు. చక్రం గుంతలో పడితే ఆ దెబ్బ బోల్టుల్లోంచి నేరుగా వెన్నులోకే వస్తుంది."

"మెత్తగానే ఉంది, నేను కూర్చున్నా కదా" అన్నాడు బావమరిది. షోరూము నేల పాలరాయిది. ఇంజను ఆపి ఉంది.

"దాందేముంది, ఒక దిండు వేసుకుంటే సరిపోతుంది" అని యజమాని తీర్పు చెప్పాడు.

"మా ఆయన వేసుకున్నాడు సార్. పదహారేళ్లలో పదకొండు దిండ్లు. చిరిగిన దిండుకి ఇంకోటి దొరికింది. వెన్నుపూసలు ఎక్కడ దొరుకుతాయో మీ బావమరిదిని కనుక్కోమనండి."

యజమాని "చూద్దాం" అన్నాడు. ఆ మాటకు ఆఫీసుల్లో ఒకటే అర్థం, అప్పటికే చూసేశారని. నాలుగో రోజున లారీ దిగింది పసుపు బండే.

ఆ సాయంత్రం గట్టు దగ్గర మొగుడు అడిగాడు.

"స్ప్రింగులదా, బోల్టులదా?"

"బోల్టులది."

ఆయన చెయ్యి పళ్లెంలో ఆగింది. "నీకింకా ఎన్నేళ్ల సర్వీసుంది?"

"పదకొండు."

"అయితే ఈ గట్టు ఇంకాస్త పొడుగు చేయించాలి. పడుకుని తినాల్సొస్తుందేమో."

ఆమె నవ్వబోయి నడుము పట్టుకుంది. ఆ పట్టుకోవడం చూశాక ఆయన ఎగతాళి ఆగిపోయింది.

"ఆఫీసు గోడ మీద ఆ పటం ఇంకా ఉందా?" అన్నాడు.

"ఉంది. అద్దం రోజూ తుడుస్తారు."

"ఆ మాట పుట్టినప్పుడు పక్కన నేనున్నానే. అప్పుడు ఆయనకి ఒక బండి, ఇద్దరు పనివాళ్లం. మొక్కల కంచె కోసే మిషను చచ్చుది తెచ్చాడు, చేతులు తిమ్మిరెక్కుతున్నాయంటే మాకు బద్ధకం అన్నాడు. నువ్వే పట్టుకో అన్నాం. గంట పట్టుకున్నాడు. మర్నాడే వెనక్కిచ్చేసి, ఇక మీదట ఎంచినవాడిదే మొదటి గంట అన్నాడు. మనిషి అప్పుడు బానే ఉండేవాడు. పటం కట్టించాకే చెడిపోయాడు."

ఆ నియమం గోడ మీద అలంకారమైపోయినా షెడ్డులో ఇంకా బతికే ఉంది. కత్తెర గానీ, రంపం గానీ, ఎంచినవాళ్లే మొదటి గంట వాడి చూపిస్తారు. ఏళ్ల తరబడి అలాగే నడుస్తోంది. పైవాళ్లు మర్చిపోయిన మంచి మాటల్ని మోసే బరువు కూడా కిందివాళ్లదే.

మర్నాడు ఉదయం షెడ్డు ముందు ఏడుగురు పనివాళ్లు నిలబడ్డారు. బావమరిది ఫొటోలు తీస్తున్నాడు. యజమాని తాళం చెవి ముందుకు చాపాడు.

"ఎక్కు అంచక్కా. కళాశాల వెనక మైదానంతో మొదలుపెట్టు."

ఆమె చెయ్యి చాపలేదు. "మొదటి గంట మీది సార్."

"ఏంటీ?"

"ఎంచింది మీరు కదా."

ఎత్తయిన కొమ్మలు కోసే పొడుగాటి మనిషిని అందరూ నిచ్చెన అంటారు. అతను ముందుకొచ్చాడు. "పోయిన నెల కొత్త కత్తెర నేనే ఎంచాను సార్. గంట కంచె కత్తిరించి, చేతులు బొబ్బలెక్కాక నోరుమూసుకుని తిరిగిచ్చేశా. బండికి వేరే రూలుందా?"

"అది కస్టమర్ల కోసం రాసిన మాటయ్యా."

"మాకూ చదవడం వచ్చు సార్."

ఏడుగురూ చేతులు కట్టుకున్నారు. ఎవరూ అరవలేదు, నినాదాలు లేవు. తాళం చెవి అలా గాలిలో వేలాడుతుంటే ఎవరూ అందుకోలేదు, అంతే. పరువు కాపాడదామని బావమరిది "నేనెక్కుతా బావా, ఇదో బ్రహ్మవిద్యా!" అని ఎక్కి, ఒక్క లివరు తోశాడు. బండి గిర్రున రెండు చుట్లు తిరిగి అందరికీ వీపు పెట్టి ఆగింది.

"ఉన్నచోటే తిరగడం దాని గుణం బాబూ" అంది అంచక్క. "ముందుకు పోవాలంటే రెండూ సమంగా తొయ్యాలి."

అతనికి సరిగ్గా అప్పుడే ముఖ్యమైన ఫోన్ ఒకటి గుర్తొచ్చింది.

యజమాని గురించి ఒక్క నిజం చెప్పుకోవాలి. ఆయన ఎక్కాడు. ఇరవయ్యేళ్ల నాటి రోషం ఎక్కడో ఒక మూల మిగిలి ఉన్నట్టుంది. మైదానం చేరాక బెల్టు పెట్టుకుని, బండి బోల్తా పడితే కాపాడే ఇనుప కమాను పైకెత్తి బిగించుకుని మొదలుపెట్టాడు. ఒకప్పుడు అక్కడ పాత కట్టడం ఉండేది. దాన్ని కూల్చి, రాళ్ల మీదే మట్టి పోసి గడ్డి నాటారు. పైన చూస్తే పచ్చని దుప్పటి, కింద ఎలుక బొరియలు, వేర్లు, ఇటుక ముక్కలు.

మొదటి పది నిమిషాలు పెళ్లి ఊరేగింపులా సాగాయి. బాట మీద పోతున్న లెక్చరరుకు చెయ్యి కూడా ఊపాడు. ఇరవై నిమిషాలకు చెయ్యి ఊపడం మానేశాడు. అరగంటకు పెదాలు బిగిశాయి. మైదానం మధ్యలో పెద్ద బొరియ వచ్చింది. దెబ్బ తప్పించుకుందామని సీటు మీంచి నడుము కాస్త పైకి లేపాడు. ఇంజను టక్కున ఆగిపోయింది.

"ఏమైంది దీనికి?" అని అరిచాడు.

అంచక్క తాపీగా నడిచి వెళ్లింది. "ఏం కాలేదు సార్. సీటు కింద స్విచ్చుంది. మనిషి పడిపోతే కత్తులు ఆగిపోవాలని పెట్టారు. బండికి బరువు తెలుస్తుంది గానీ నొప్పి తెలీదు కదా. కూర్చోండి. లేస్తే ఆగిపోతుంది. మేమూ ఇన్నేళ్లూ లేవలేకపోయింది అందుకే."

ఆయన కూర్చున్నాడు. ఇంకో పది నిమిషాలు నడిపాడు. గంట పూర్తవలేదు. బండి ఆపి, ఉన్నచోటే అలా ఉండిపోయాడు. దిగబోతే కాలు వినలేదు. అంచక్క చెయ్యి అందించింది. దిగి, నాలుగడుగులు వేసి, కళాశాల గోడకు ఒక భుజం ఆనించి నిలబడ్డాడు. ఆ ఆనుకోవడం ఆమె రోజూ ఇంట్లో చూసేదే.

"మీ ఆయన ఎలా ఉన్నాడు?" అన్నాడు. మూడేళ్లలో అడగడం అదే మొదలు.

"నిలబడే ఉన్నాడు సార్."

ఆ మధ్యాహ్నం సారు బీరువా పక్కన నిలబడి భోంచేశారని గుమాస్తా షెడ్డుకొచ్చి మరీ చెప్పి వెళ్లాడు.

వారం తిరక్కుండా పసుపు బండి వచ్చిన దారినే వెళ్లింది. బూడిద రంగుది దిగింది. 'కార్మికుల ఆరోగ్యం పట్ల అపార శ్రద్ధతో యజమానిగారు స్వయంగా పరీక్షించి ఎంపిక చేసిన యంత్రం' అని నోటీసు బోర్డు మీద కాగితం వెలిసింది. కింద బావమరిది ఫొటో. మా సారుది వెన్న మనసని చెప్పుకునేవాళ్లూ లేకపోలేదు. నిజమే, ఆ వెన్న కరగడానికి నలభై నిమిషాలే పట్టింది. కాకపోతే వేడి తగలాల్సింది సొంత నడుముకు. పక్కవాడి నడుమైతే పదహారేళ్లయినా గడ్డకట్టే ఉంటుంది.

నిచ్చెన తాళం చెవి తెచ్చి అంచక్క చేతిలో పెట్టాడు. "ఎక్కక్కా. దీన్ని ఎంచింది నువ్వే, మొదటి గంట నీదే."

"బాగోకపోతే?"

"నిన్నూ ఇలాగే దింపుతాం."

ఆమె సీటు కింద మర తన బరువుకు తిప్పుకుంది. రెండు లివర్లూ సమంగా తోసింది. అదే మైదానం, అవే బొరియలు. చక్రం దిగిన ప్రతిసారీ సీటు కింద స్ప్రింగు మూలిగింది. ఇన్నాళ్లూ మూలిగింది తానే. నడుము నొప్పి ఎక్కడికీ పోలేదు, కానీ ఆ రోజు నిన్నటికంటే పెరగలేదు. పద్దెనిమిదేళ్లలో అదొక వింత.

మూడు వారాల తర్వాత ఒక సాయంత్రం ఆమె వంటగదిలోకి వచ్చి, ఒక కుర్చీ మీది బట్టలన్నీ ఎత్తి మొగుడి చేతుల్లో పెట్టింది. కుర్చీ దుమ్ము దులిపి, పళ్లెం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆయన బట్టల మూటతో అలాగే నిలబడిపోయాడు. ఆమె సగం భోజనం అయ్యేదాకా లేస్తుందేమోనని చూశాడు. లేవలేదు.

"బాగానే ఉంది గానీ, ఈ బట్టలన్నీ ఇప్పుడు ఎక్కడ పెట్టమంటావే?" అన్నాడు చివరికి.

"గట్టు మీద పెట్టు. నా చోటు ఖాళీ అయింది కదా."