అమావాస్య మీద గాంధీ మాట

గోడ మీద రాసినదేదీ బాలమల్లు నమ్మడు. చదవడం వచ్చు కాబట్టే నమ్మడు.

సిరిసిల్లలో కరెంటు వచ్చి, చేతిమగ్గాలు మూలపడి, సాంచెలని పిలిచే మరమగ్గాలు మోగుతున్న రోజులవి. బాలమల్లు హనుమండ్లు సేటు షెడ్డులో పనికి కుదిరాడు. అమావాస్య నాడు మాత్రం రానన్నాడు. ఆ రోజు వాళ్ల వంశంలో ఎవరూ పోగు ముట్టరు. సేటు సరేనన్నాడు.

గిరాకీ పెరిగింది. ఒక అమావాస్య ముందు రోజు షెడ్డు గుమ్మం మీద బోర్డు వెలిసింది: ‘పనికి అమావాస్య లేదు. – మహాత్మా గాంధీ.’

కూలీలు బోర్డుకు దండం పెట్టి లోపలికి పోయారు. బాలమల్లు కదలలేదు.

“సేటూ, రాట్నం తిప్పినాయన సాంచెల ముచ్చట ఎందుకు జెప్పిండు? ఎవలకు జెప్పిండు?”

“అనుమానముంటే పోయి అడుగు.”

“అడుగుదామంటే ఆయన లేకపాయె.”

“మరి రేపు పనికి రా.”

ఇంటి దగ్గర భార్య శంకరవ్వ నూలు కండెలు చుడుతోంది. సంగతంతా విని నవ్వింది.

“గింతదానికి పరేషానెందుకు? సేటు రాసిండు, నువ్వు గూడ రాయి. మా అవ్వ అంటుండె, మగ్గాన్ని పండుకోనియ్యనోడు మనిషిని పండుకోనియ్యడని.”

తెల్లవారి బాలమల్లు బోర్డుకు ఎదురుగోడ మీద ఆ మాటే సున్నంతో రాశాడు. కింద గాంధీ పేరు పెట్టేటప్పుడు చెయ్యి కాసేపు ఆగింది. పెట్టాడు.

సేటు వచ్చి రెండుసార్లు చదివాడు.

“గిది ఏ పుస్తకంల ఉన్నది?”

“మీ బోర్డున్న పుస్తకంలనే, సేటూ.”

కూలీలు కిసుక్కుమన్నారు. సేటు గోడ తుడవబోయి, పేరు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఈ పేరు తుడిస్తే ఆ బోర్డు నిలవదు. ఆ రోజు సాంచెలు ఆగాయి. తరువాతి అమావాస్యలకూ ఆగాయి.

కొన్నేళ్లకు, నేతపనివాళ్లకు తీరిక దొరికే అమావాస్య నాడే ఊళ్లో సభ పెట్టారు. వేదిక మీద ఒక నాయకుడు గొంతెత్తి, “మగ్గాన్ని పడుకోనివ్వనివాడు మనిషిని పడుకోనివ్వడని మహాత్ముడు అననే అన్నారు” అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. శంకరవ్వ కూడా కొట్టింది.

తిరిగి వచ్చేటప్పుడు బాలమల్లు అడిగాడు.

“గా మాట నిజంగ మీ అవ్వదేనా?”

“ఆమెదే.”

“ఆమెకెవలు జెప్పిండ్రు?”

“అమావాస్య పూట సాంచెలే పండుకున్నయి. జర నీ అనుమానాన్ని గూడ పండుకోనియ్యరాదు!”

 సేటు షెడ్డు దాటుతూ బాలమల్లు ఆగి, సాంచెలు నిజంగా పండుకున్నాయో లేదోనని మూసిన తలుపుకు చెవి ఆనించాడు.