అలమరా తెరిపించిన పంతొమ్మిది మంది

మలేషియాలో సుంగై సుమున్ దగ్గర ఒక ఆయిల్‌పామ్ ఎస్టేటులో పంతొమ్మిది మంది శ్రీకాకుళం కూలీల పాస్‌పోర్టులు మేనేజరు తన ఆఫీసు అలమరాలో పెట్టి తాళం వేశాడు. కాంట్రాక్టు అయిపోయినా వాళ్లని వదల్లేదు. ఆ సంగతి తెలిసి, వెట్టిచాకిరీ మాన్పించాలని మేం నడిపే చిన్న సంఘం కదిలింది. కదిలిన రోజే చీలింది. కార్మిక శాఖకి ఫిర్యాదు పెట్టి ఓపిగ్గా ఆగాలంది మా లాయరమ్మ. ఆగడమంటే మరో ఏడాది చాకిరీయేనని, వ్యాన్ తెచ్చి అందర్నీ ఎక్కించుకుపోదామన్నాడు ఒకప్పుడు యూనియన్ నడిపిన పెద్దాయన. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూచుని నాతో మాట్లాడేవారు గాని, ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు కాదు.

సంఘంలో నా పని కూలీల తెలుగు మాటలు అటూ ఇటూ చెప్పడం. నాకొచ్చిన తెలుగు మా నాయనమ్మ నేర్పిన ముక్కలే, సగం తమిళం కలిసినవి. ఒక ఆదివారం ఆ కూలీల్లో పెద్దవాడు, బక్కపల్చటి మనిషి, మా ఇంటికి వచ్చాడు. లాయరమ్మా యూనియన్ పెద్దాయనా అక్కడే ఉన్నారు; ఇద్దరి వాదనా ఆయనకి చెప్పాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"మాకేటి కావాలో ఎవులూ అడగలేదేటమ్మా?"

నేనది మలాయ్‌లో చెప్పాక ఇద్దరూ తల దించుకున్నారు. పారిపోతే కాగితాల్లేని దొంగలమవుతామని, ఆగే ఓపికా లేదని ఆయన నెమ్మదిగా చెప్పాడు. రేపు పనికి పోకుండా తమ కాగితాలు తామే అడుగుతారట. మీరిద్దరూ గేటు బయట ఉంటే చాలన్నాడు.

మర్నాడు ఉదయం పంతొమ్మిది మందీ ఉతికిన చొక్కాలు వేసుకుని ఆఫీసు మెట్ల ముందు వరసగా నిలబడ్డారు. మేనేజరు అరిచాడు, పోలీసులకి పట్టిస్తానన్నాడు. పెద్దవాడు గొంతు పెంచకుండా, వచ్చీరాని మలాయ్‌లో, "నా పాస్‌పోర్టు ఇవ్వండి" అన్నాడు. పక్కవాడూ అదే అన్నాడు. ఆ మాట వరస చివరిదాకా వెళ్లి మళ్లీ మొదటికొచ్చింది. ఎస్టేటు కూలీలుగా ఇక్కడికొచ్చిన మా తాతలు ఇలాంటి మెట్ల ముందు తలెత్తేవారే కాదని వింటూ పెరిగినదాన్ని నేను.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి లాయరమ్మ పిలిపించిన కార్మిక శాఖ అధికారి వచ్చాడు. అలమరా తెరిచారు. యూనియన్ పెద్దాయన వ్యాన్‌లోనే అందరూ బయటికొచ్చారు. తర్వాత కొందరు ఇంటికి వెళ్లిపోయారు, కొందరు వేరే పని చూసుకున్నారు. మా వాళ్లిద్దరికీ ఇప్పటికీ పడదు.

వ్యాన్‌లో పెద్దవాడు నన్ను మా తాతలది ఏ ఊరని అడిగాడు. తెలీదన్నాను.

"మాట బట్టి మా వేపేనమ్మా," అన్నాడు.