నాగుల్ మీరా మంచుదేశం పోయొచ్చిన వైనం

ఇందుకూరుపేటలో పరుపులు కుట్టే నాగుల్ మీరాకి నీళ్లంటే భయం. మైపాడు సముద్రం వాళ్ల ఊరికి ఎద్దుబండి మీద పూట ప్రయాణం కూడా కాదు. అయినా ముప్పై ఎనిమిదేళ్లొచ్చినా మోకాలు తడిసేదాకా సముద్రంలో దిగిన మనిషి కాదాయన. దూది నీళ్లలో పడితే ఇంకది దూది కాదు, మనిషైనా అంతే అనేవాడు. స్నానానికి చెంబు నీళ్లు తోడిపెడితే అందులోకి కూడా ఒకసారి తొంగి చూసి పోసుకుంటాడని భార్య షాహిదాబీ ఎగతాళి చేసేది.

అట్లాంటివాడు 1966లో భూమికి అడుగున ఉన్న మంచుదేశం దాకా ఓడలో పోయొచ్చాడు. దానికి కారకుడు మనుబోలు మాలకొండయ్య.

ఆ ఏడు శ్రావణంలో నాగుల్ మీరా మద్రాసులో చిన్నాయన కొడుకు అంగడికి పనికి పోయాడు. అక్కడికి హార్బరు నుంచి కబురొచ్చింది. మరమ్మతుకి నిలబెట్టిన పాత ప్రయాణికుల ఓడలో రెండు వందల పరుపులు గడ్డలు కట్టి, నల్లులు పట్టి ఉన్నాయి, విప్పి ఏకి మళ్లీ కుట్టాలి. గట్టుకి తాళ్లతో కట్టేసిన ఓడ మిద్దెతో సమానమని మనసుకి చెప్పుకొని, దూది ఏకే విల్లు భుజాన వేసుకొని ఎక్కాడు.

మూడో రోజు గడ్డకట్టిన దూదిని తెలుగులో నిండుగా తిడుతూ ఏకుతుంటే, తెల్ల ఏప్రాను కట్టుకున్న భారీ మనిషి ఒకడు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఏవూరన్నా నీది?" అన్నాడు.

"ఇందుకూరుపేట."

ఆ మనిషి దూదికుప్పలో కూలబడ్డాడు. ఆయనే మాలకొండయ్య, ఆ ఓడలో రెండో వంటవాడు, ఈయన మాదిరే నెల్లూరు జిల్లావాడు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం కాగానే రెండు గ్లాసుల టీ పట్టుకొని రావడం, మనుబోలు కబుర్లు గంటసేపు చెప్పడం. నాగుల్ మీరా ఊకొట్టాల్సిన పని కూడా లేదు, పక్కన ఉంటే చాలు.

ఓడ బాగైపోయింది గానీ తొంభై పరుపులు మిగిలిపోయాయి. మాలకొండయ్య ఉపాయం చెప్పాడు. "కొలంబో దాకా రా మీరా. దోవలో కుట్టేస్తావు. అక్కడ దిగి చిన్న పడవా, రైలూ ఎక్కినావంటే నాలుగో రోజుకి ఇంట్లో ఉంటావు."

నాగుల్ మీరా రెండు రోజులు ఆలోచించాడు. ఫోటో తీశారు, మూడు చోట్ల సంతకం పెట్టమన్నారు, పెట్టాడు. "కొలంబో పోతా ఉండా, వారంలో వస్తా" అని ఇంటికి కార్డు రాసి పడేశాడు.

ఓడ కదిలిన మొదటి వారం ఆయనకి తెలిసిందల్లా వాంతులు చేసుకోవడం, మధ్యమధ్యలో పరుపు కుట్టడం. తొమ్మిదో రోజు కాస్త తల నిలిచాక వంటగదికి పోయాడు. మాలకొండయ్య ఎర్రగడ్డలు ఒలుస్తున్నాడు.

"కొండయ్యన్నా, కొలంబో ఇంకా ఎంత దూరం?"

"కొలంబో కుడిచేతి పక్కన పోయింది మీరా."

"ఎప్పుడు?"

"శుక్రవారం."

నిజం అప్పుడు బయటపడింది. ఓడ కొలంబోలో ఆగేదే కాదు. ఆయన సంతకం పెట్టిన కాగితం తొమ్మిది నెలలకి.

"నాకెందుకు చేసినావన్నా ఈ ద్రోహం?"

మాలకొండయ్య ఎర్రగడ్డ కింద పెట్టాడు. "నాతో ఎవరైనా తెలుగులో మాట్లాడి నాలుగేళ్లయింది మీరా. నువ్వు ఆ దూదిని తిడతా ఉంటే మా నాయన గుర్తొచ్చినాడు."

ఇక నాగుల్ మీరా దూదికి వాడిన మాటలన్నీ మాలకొండయ్యకి వాడాడు. అవి చాలక తాతల నాటివి కూడా తవ్వి తీశాడు. అరగంట పట్టింది. మాలకొండయ్య కళ్లు మూసుకొని, అరుగు మీద హరికథ వింటున్నవాడి మాదిరి తల ఊపుతూ విన్నాడు. తర్వాత రెండు రోజులు ఇద్దరికీ మాటల్లేవు. మూడో రోజు మాలకొండయ్య దాచుకున్న గోంగూర పచ్చడి జాడీ తెరిచి అన్నంలో కలిపి తెచ్చాడు. దాంతో సంధి కుదిరింది.

నవంబరులో ఓడ దక్షిణ అమెరికా కొసన ఒక రేవులో ఆగింది. అక్కడ యాభై ఏడుగురు దొరలూ దొరసానులూ ఎక్కారు. సగానికి పైగా అరవై దాటినవాళ్లే.

"వీళ్లు యాడికి పోతారన్నా?"

"మంచు చూడటానికి. తిమింగలాలూ, పక్షులూ చూడటానికి."

"చూసి?"

"చూసి వెనక్కి వస్తారు."

"మొక్కుబడా?"

"మొక్కూ లేదు, మొలతాడూ లేదు. ఉత్తినే."

నాగుల్ మీరాకి అది ఎంత ఆలోచించినా తెగలేదు. ఇంత వయసులో, ఇంత ఖర్చుతో, ఏమీ కోరుకోకుండా ఇంత దూరం వచ్చేవాళ్లు మరీ మంచివాళ్లయినా అయ్యుండాలి, ఇంట్లో పోరు పడలేనివాళ్లయినా అయ్యుండాలి అనుకున్నాడు.

దక్షిణంగా నాలుగు రోజులు పోయాక అసలు చలి మొదలైంది. ఓడవాళ్లిచ్చిన కోటు ఆయనకి చీలమండల దాకా వచ్చింది, లోపల గాలి మాత్రం ఆపలేదు. రెండు రోజులు వణికి, మూడో రోజు మిగిలిన దూదీ పరుపుగుడ్డా తీసుకొని కూర్చున్నాడు. మెడ నుంచి మోకాళ్ల దాకా, నాలుగు వేళ్ల మందాన చారల కోటు ఒకటి కుట్టి తొడుక్కున్నాడు. చేతులు కిందికి వాలవు, వంగడం కుదరదు, పక్కకి చూడాలంటే మొత్తం మనిషే తిరగాలి. చలి మాత్రం దగ్గరికి రాలేదు. పరుపు లేచి నడుస్తోందని ఓడలో అందరూ బారులు తీరి చూశారు.

ఆ ప్రయాణికుల్లో నడుంనొప్పి దొరసాని ఒకామె ఉండేది. డెబ్బై ఏళ్లు, ఎవరూ తోడు లేరు. నాగుల్ మీరా కుట్టిన పరుపు మీద పడుకున్నాక పదేళ్లలో మొదటిసారి నిద్ర పట్టిందని ఊరంతా, అంటే ఓడంతా, చెప్పుకొచ్చింది. ఒడ్డుకి పడవలో దిగే రోజు తన మడతకుర్చీ మోయడానికి ఆయనే కావాలని పట్టుబట్టింది. కాదనడానికి నాగుల్ మీరాకి ఇంగ్లీషు రాదు. కళ్లు మూసుకొని కూర్చున్నాడు, పడవ ఇసుక తగిలాకే తెరిచాడు.

కొండంత మంచుగడ్డలు నీలంగా, చాకలి నీలిమందు కలిపిన నీళ్లలో ముంచి తీసినట్టు సముద్రంలో నిలబడి ఉన్నాయి. ఒడ్డు పొడుగునా వేలాది పక్షులు. నిలువుగా నిలబడి, మద్రాసు మెయిలు కోసం ప్లాట్‌ఫారం మీద కాచుకున్న జనం మాదిరి అన్నీ ఒకవైపే చూస్తున్నాయి. అవి పెంగ్విన్లని మాలకొండయ్య ముందే చెప్పాడు గానీ, నాగుల్ మీరా చెవికది, తమ వైపు వీధికొకడుండే పేరు కాబట్టి, పెంచలయ్యలని వినబడింది. ఆ రోజు నుంచి చచ్చేదాకా ఆయన వాటిని పెంచలయ్యలనే అన్నాడు.

వాటి కంపుకి దొరలందరూ ముక్కులకి గుడ్డలు పెట్టుకున్నారు. నాగుల్ మీరా మాత్రం నిండా ఊపిరి పీల్చాడు. అచ్చం మైపాడులో చేపలు ఎండబెట్టే చోటి వాసన. ఇల్లు వదిలాక మొదటిసారి తెలిసిన చోటికి వచ్చినట్టు అనిపించి కళ్లలో నీళ్లు తిరిగాయి. కంపుకి పాపం కళ్లు మండుతున్నాయనుకొని దొరసాని తన చేతిగుడ్డ ఇచ్చింది.

పెంచలయ్య ఒకటి తిన్నగా నడుచుకుంటూ వచ్చింది. చేతులు ఎడంగా పెట్టుకొని, వంగకుండా, మొత్తంగా తిరిగే ఈయన్ని ఎగాదిగా చూసి తన జాతివాడే అనుకుందో ఏమో, కోటు కుట్టు ఊడిన చోట ముక్కు పెట్టి గుప్పెడు దూది పీక్కొని నడిచిపోయింది. "ఇదిగో, అది ఏకిన దూది" అని నాగుల్ మీరా వెనకాల కేకేశాడు. అది తిరిగి చూడలేదు.

ఇంతలో డిసెంబరు వచ్చింది. ఆ ఏడు రంజాను నెల డిసెంబరు మధ్యలో మొదలైంది. నాగుల్ మీరా ఐదు పూటలా నమాజు చేసే మనిషి కాదు గానీ, పన్నెండో ఏట నుంచి రంజాను ఉపవాసపు రోజాలు మాత్రం ఒక్కటీ వదల్లేదు. ఓడ తిరిగొచ్చి రేవులో ఉన్న నాలుగు రోజులు పొద్దు పొడుగైనా ఎట్లాగో నెట్టుకొచ్చాడు. మళ్లీ ప్రయాణికులను ఎక్కించుకొని, ఆ పరుపు వదిలి దిగనన్న నడుంనొప్పి దొరసానితో సహా, ఓడ మంచులోకి, ఈసారి ఇంకా దక్షిణంగా పోయింది. పదో రోజా అక్కడ వచ్చింది.

రోజా విడవడానికి గ్లాసుడు నీళ్లూ, రెండు ఎండు ద్రాక్షలూ పెట్టుకొని ఓడ అంచున నిలబడ్డాడు. సూర్యుడు వాలుతున్నాడు. తొమ్మిదైంది, పదైంది, పదకొండైంది. సూర్యుడు సముద్రం అంచు దాకా దిగాడు. ఇంకొక్క జానెడు. నాగుల్ మీరా రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు.

అంత శ్రద్ధగా సముద్రాన్ని చూసే మనిషి కనబడితే ఆ ఓడలో జనం ఊరుకోరు. ఒకాయన బైనాక్యులర్లు పట్టుకొని పక్కన నిలబడ్డాడు. తర్వాత పదిమంది, తర్వాత అందరూ. పడుకున్నవాళ్లు కూడా పైజమాల మీద కోట్లు వేసుకొని వచ్చారు. తిమింగలం ఎక్కడా అని గుసగుసలు. సూర్యుడు అంచు వెంబడి కొబ్బరికాయ మాదిరి కాసేపు దొర్లి, నిమ్మళంగా మళ్లీ పైకి లేచాడు.

"కుంకలేదు," అన్నాడు నాగుల్ మీరా, గ్లాసు పట్టుకొని.

ఏమైందని దొరసాని మాలకొండయ్యని అడిగింది. సూర్యుడు కుంకితే తప్ప ఈయన నీళ్లు తాగడని చెప్పాడు. ఆమె మొహం పాలిపోయింది. పైజమా గుంపునంతా వెంటబెట్టుకొని కెప్టెను గది తలుపు కొట్టింది. కెప్టెను పుస్తకం తెరిచి చూసి, ఇక్కడ ఇంకో పదకొండు రోజులు సూర్యుడు అస్తమించడని చెప్పాడు.

"అయితే నేను మూడో రోజుకే పోతా, మిగిలిన ఎనిమిది రోజులూ ఆ సూర్యుడు ఒక్కడే ఉంటాడు," అన్నాడు నాగుల్ మీరా.

"ప్రయాణంలో ఉన్నవాళ్లు రోజాలు తర్వాత ఉండొచ్చని మీవాళ్లలో ఉంది కదా," అన్నాడు మాలకొండయ్య.

"ప్రయాణం వాళ్లది, టిక్కెట్టు కొన్నారు. నేను పనిలో ఉండా."

చివరికి కెప్టెనే దారి చూపించాడు. నెల్లూరులో ఎప్పుడు పొద్దు పొడిచి ఎప్పుడు కుంకుతుందో లెక్క కట్టి, ఆ ప్రకారం ఉండమన్నాడు. అందరూ మెచ్చుకున్నారు. లెక్క తేలాక చూస్తే, నెల్లూరులో పొద్దు కుంకే వేళకి ఓడలో ఉదయం ఎనిమిదింపావు. నెల్లూరులో తెల్లవారే వేళకి ఓడలో సాయంత్రం ఏడూ నలభై.

మాలకొండయ్య వేళ్లు మడిచి చూసుకున్నాడు. "అంటే పొద్దున టిఫినప్పుడు రోజా విడుస్తావు. రాత్రి భోజనం చేసి మళ్లీ పడతావు. మధ్యలో అందరూ నిద్రపోయేప్పుడు ఉపవాసం. ఈ లెక్కన ఓడలో అందరూ రోజాలే కదా మీరా."

నాగుల్ మీరాకి అది సూదిలా గుచ్చుకుంది. ఉపవాసపు వేళలో నిద్రపోకూడదని పంతం పట్టి, అందరూ తెరలు దించుకొని పడుకుంటే తనొక్కడూ కూర్చొని దిండ్లు కుట్టాడు. ఉదయం భోజనాల గదిలోకి పోతే ఇంకో ఇబ్బంది. ఆయన నీళ్లు గుక్కెడు తాగేదాకా ఎవరూ రొట్టె ముట్టకూడదని దొరసాని శాసనం చేసింది. సరిగ్గా ఎనిమిదింపావుకి గంట కొట్టేవాళ్లు. యాభైమంది దొరలు ఆకలితో ఆయన గొంతువైపే చూస్తుంటే ఆయన గుటక వేసేవాడు. వాళ్లు చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ పదకొండు రోజులూ తను దేవుణ్ణి మోసం చేస్తున్నాడో, దొరల్ని మోసం చేస్తున్నాడో ఆయనకి తేలలేదు.

మే నెలలో ఇందుకూరుపేటకి చేరాడు. షాహిదాబీ గుమ్మంలోనే నిలబడి, "ఏమయ్యో, కొలంబో అంత దూరమా?" అంది. తొమ్మిది నెలల్లో నాలుగు ఉత్తరాలు వచ్చినా ఆమె ఆ మాట అనే హక్కు వదులుకోదలచుకోలేదు. తర్వాత లోపలికి పోయి కాసేపు ఏడ్చి, పులుసు పెట్టింది.

మసీదు దగ్గర పెద్దమనిషి హజరత్తయ్య ఎదుట నాగుల్ మీరా సంగతంతా చెప్పాడు. నీలం మంచుకొండల దాకా బాగానే విన్నారు. దూది పీకిన పెంచలయ్య దగ్గర నవ్వారు. సూర్యుడి దగ్గర మాత్రం హజరత్తయ్య చెయ్యెత్తాడు.

"ఆగు. రంజాను నెలలో పొద్దున ఎనిమిదింటికి టీ తాగినానని నీ నోటితోనే చెప్తా ఉండావు. దానికి సూర్యుడి మీద నెపం పెడతావా?"

"కుంకలేదు మామా."

"కుంకని సూర్యుడు యాడన్నా ఉంటాడంటరా?"

జనం నవ్వారు. నాగుల్ మీరా ఇంటికి పోయి, ఆ పదకొండు రోజాలూ రేపటి నుంచి మళ్లీ ఉంటానని భార్యతో చెప్పాడు. రోహిణి కార్తె మొదలైంది. రోళ్లు పగిలే ఎండలు.

"చలికాలం దాకా ఆగితే ఏం పోయింది?" అంది షాహిదాబీ.

"చలిలో సుఖంగా ఉన్నందుకే ఈ తంటా. ఎండలోనే తీరుస్తా."

పంచలో కూర్చొని, గొంతులోకి దూదినుసి పోతూ ఉంటే, నీటిచుక్క లేకుండా విల్లు మీటాడు. మొదటి మూడు రోజులు ఊరు వేడుక చూసింది. నాలుగో రోజు వడగాలికి కళ్లు తిరిగి ఏకిన దూదిలోనే పడ్డాడు. ఆరో రోజుకి నవ్వులు ఆగిపోయాయి. అబద్ధం చెప్పేవాడు దానికోసం ఇంత ఎండలో చావడు కదా అని ఆడవాళ్లు బావి దగ్గర అనుకున్నారు.

ఎనిమిదో రోజు సాయంత్రం హజరత్తయ్య తాటిముంజలు చేత్తో పట్టుకొని తనే వచ్చాడు. పంచలో కూర్చున్నాడు. పొద్దు కుంకింది, మసీదు నుంచి బాంగు వినబడింది. నాగుల్ మీరా నీళ్లు తాగి, ముంజ ఒలిచి నోట్లో వేసుకున్నాడు.

హజరత్తయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నిజంగానే కుంకలేదా?"

"కుంకలేదు మామా."

"మరి అక్కడ కోళ్లు ఎప్పుడు కూస్తాయి?"

"కోళ్లు లేవు. పెంచలయ్యలే. అవి ఎప్పుడూ అరుస్తానే ఉంటాయి."

హజరత్తయ్య కాసేపు దాన్ని గురించి ఆలోచించాడు. తర్వాత తనూ ఒక ముంజ తీసుకొని, "మొదటి నుంచి చెప్పు," అన్నాడు.