చిన్నకోడలు తాగిన పాలు

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా చేత పచ్చిమిరపకాయ నమిలించండి. (గుంటూరు జిల్లావాడికి అది శిక్షెలా అవుతుందని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ప్రమాణం మాత్రం ప్రమాణమే.) ఆ రోజుల్లో టీవీ సీరియల్ వారానికి ఒక్కసారే వచ్చేది. అరగంట వాళ్లు చూపించేవాళ్లు, మిగతా వారమంతా కథను మనమే నడుపుకునేవాళ్లం. ఎవరు దొంగ, ఎవరు దొర, ఏ పాత్రకి బుద్ధుంది, ఏ పాత్రని రాసినవాడికి లేదు అని బస్సుల్లో, అరుగుల మీద తీర్పులిచ్చేవాళ్లం. అంత నికార్సైన విమర్శ తర్వాత నేను ఏ పత్రికలోనూ చదవలేదు.

డిగ్రీలో రెండు పేపర్లు తప్పి, మళ్లీ పరీక్షలొచ్చేదాకా చిలకలూరిపేట అవతల మామయ్య ఊళ్లో మకాం వేశాను. మామయ్యది మిరప వ్యవసాయం. కోతలకాలంలో ఊరందరి చేలూ ఒకేసారి పండుతాయి, కూలీలు మాత్రం దొరకరు. ఒక రైతు టీ పోయిస్తానంటాడు, ఇంకొకడు ఆకూవక్కా ఇప్పిస్తానంటాడు. మామయ్య దగ్గర ఆ చుట్టుపక్కల ఎవరికీ లేని టీవీ ఉంది. ఆదివారం పొద్దున సీరియల్ వేళకి ఆడకూలీలంతా సాళ్లలోంచి లేచి మామయ్య ఇంటికొచ్చి, అది చూసి, మళ్లీ చేలోకి వెళ్లాలి. ఆ అరగంటా పనికిందే లెక్క. ఈ షరతు పెట్టింది ముఠా నాయకురాలు. ఆవిణ్ణి అందరూ మేస్త్రమ్మ అనేవాళ్లు.

సీరియల్ హిందీలో వచ్చేది. ఒక పెద్ద బంగళా, ఆస్తికోసం ఒక్కొక్కర్నీ చంపుకుంటూ పోయే కోటుబాబు, గొట్టంతో పొగ తాగే డిటెక్టివు, తలుపు చాటునుంచి అన్నీ వినే తెలివైన చిన్నకోడలు, వెనకాల గిన్నెలు మోసే వంటామె. హిందీ పాసైనవాణ్ణి కనక తర్జుమా నాది. (హిందీ పాసవడానికి ఎన్ని మార్కులు చాలేవో మీకు తెలుసు.) నేను నోరు తెరిచేలోపే మేస్త్రమ్మ తీర్పు వచ్చేసేది. "ఆ గొట్టాలాయన ఉత్త తాలుకాయ. మనకి ఎప్పుడో తెలిసింది ఆయనకి ఇంకా తెలవలా" అనేది. కల్లంలో కాయ ఏరినట్టే పాత్రల్నీ తాలు, మేలు అని ఏరేది. మేలురకంలో చిన్నకోడలు ఒక్కతే ఉండేది.

ఒక ఆదివారం ఆ చిన్నకోడలు కోటుబాబు చేతిలో పాలగ్లాసు అందుకుని గటగటా తాగి నేలమీద పడిపోయింది. ఆ వారానికి సీరియల్ అక్కడే అయిపోయింది.

మేస్త్రమ్మ లేచి కొంగు దులిపింది. "ఇన్నాళ్లూ గోడకి చెవి పెట్టి అన్నీ విన్న పిల్ల, వాడిస్తే పాలు తాగుద్దా? పిల్లి కూడా వాసన చూసి తాగుద్ది. లేవండే, ఇళ్లకి పోదాం. రేపట్నుంచి కాలవవతల కోతకి."

మామయ్య గుమ్మానికి అడ్డం వెళ్లాడు. "ఇదిగో మేస్త్రమ్మా, ఆ కథ నేను రాశానా?"

"రాసినోడెవడో మాకు తెలవదయ్యా. పెట్టె నీది."

కాయ ఎర్రగా విరగబండి చెట్లమీదుంది, తూర్పున మబ్బు కమ్ముతోంది. పండినకాయ వాన తాగితే మచ్చలుపడి తాలైపోతుంది. మామయ్య ఏడాది కష్టమంతా ఆ చేలో ఉంది. అన్నం ముందు కూర్చుని కలపకుండా లేచిపోయాడు. లేచి నాకేసి తిరిగాడు. "ఒరేయ్, హిందీ చదివావుగా. పోయి ఆ పిల్లని బతికించిరా."

నేను వెళ్లేసరికి మేస్త్రమ్మ తన వాకిట్లో దోసకాయ తరుగుతోంది. చిన్నకోడలు చావలేదనీ, తాగినట్టు నటించి పాలు కిటికీలోంచి పారబోసిందనీ హిందీ పండితుడిలా చెప్పాను.

"కిటికీ మూసుంది."

"అయితే చీర కుచ్చెళ్లలో..."

"చీర తడవలా. చూళ్లా నువ్వు?"

"పక్కన పూలకుండీ..."

"ఆ గదిలో కుండీ ఎక్కడిది బాబూ? మంచం, బీరువా, దేవుడి పటం. అంతే."

చెప్పొద్దూ, అప్పుడు నా బుర్ర పాదరసంలా పనిచేసింది. "అసలవి విషప్పాలే కాదు. వంటామె ముందే గ్లాసు మార్చేసింది" అన్నాను.

మేస్త్రమ్మ కత్తిపీట పక్కకి జరిపింది. "అదీ మాట! ఆ వంటామె మొదట్నుంచీ ఒక్క ముక్క మాట్లాడలా. మాట్లాడనోళ్లు ఊరికే ఉండరు. సరే, రేపొస్తాం. ఆదివారందాకా ఆగలేం, మిగతాది చేలో చెప్పు."

మర్నాడు సాళ్ల మధ్య వాళ్లతోపాటు వంగి నడుస్తూ కథ చెప్పాను. వంటామె తాళాలగుత్తి దొంగిలించే ఘట్టం వచ్చేసరికి చేతులన్నీ ఆగిపోయాయి. గట్టుమీంచి మామయ్య కేకేశాడు. "ఒరేయ్, కాస్త చప్పగా చెప్పరా, కోత ఆగిపోతోంది!" చప్పగా చెబితే అందరికీ ఒకేసారి దాహం వేసేది. చివరికి కిటుకు దొరికింది. ఏడుపుకి చేతులు నెమ్మదిస్తాయి, రహస్యానికి ఆగిపోతాయి, తిట్లకి పరిగెడతాయి. అందుకని కోటుబాబుని వంటామె చేత పొద్దుగూకేదాకా తిట్టించాను. ఇంటింటి తిట్లూ వాళ్లే అందించారు. రెండోనాటికి ఆఖరి సాలు అయింది. కాయ కల్లంలో కుప్పపోసి పట్టలు కప్పుతుండగా మొదటి చినుకు పడింది. మామయ్య ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

ఆదివారం వచ్చింది. తెరమీద చిన్నకోడలి ఫొటో, దానికో దండ, ముందు అగరొత్తులు. వంటామె అజాపజా లేదు. నేను గుమ్మం వైపు జరుగుతున్నాను. మేస్త్రమ్మ ఆ దండకేసి చెయ్యి చూపించి, "పాపం, వీళ్లకి సంగతి ఇంకా తెలిసినట్టు లేదు" అంది. ముఠా అంతా అవునంటే అవునంది.

ఇప్పుడు సీరియళ్లు రోజూ వస్తాయి. చిన్నకోడళ్లు రోజూ పాలు తాగుతూనే ఉన్నారు. "కిటికీ మూసుంది చూడు" అని నేనంటే, మా ఆవిడ సౌండు పెంచుతుంది. మధ్యలో మనం నడుపుకోవడానికి ఒక్కపూట ఖాళీ ఇవ్వరు.

ఇక, పైన చెప్పిందంతా నిజమే, ఒక్కటి తప్ప. ఆ వంటామె నా బుర్రలో పుట్టలేదు. కుండీ కూడా లేదని తేలాక నేను ఇంటిదారి పట్టబోయాను. మేస్త్రమ్మే అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "వంటామె గ్లాసు మార్చిందని చెప్పు బాబూ. మబ్బు మాకూ కనపడతంది. అంతమందిలో రానన్నదాన్ని, మళ్లీ రావాలంటే ఓ కారణం ఉండాలిగా."

ఇన్నేళ్లుగా ఆ తెలివి నాదేనని చెప్పుకు తిరుగుతున్నాను. మా ఆవిడ ఇంకా నమ్ముతోంది.