నాదస్వరం వెంకటప్ప పేగు మెలిక

1996లో బెంగళూరు తూర్పు శివార్లలోని ఒక మిషన్ ఆసుపత్రిలో నేను అసిస్టెంట్ సర్జన్‌గా చేరాను. చీఫ్ సెలవులో ఉన్న వారం అత్యవసర కేసుల బాధ్యతంతా నా మీద పడింది. ఆ వారమే ఒక ఉదయం కాడుగోడి నుంచి వెంకటప్ప అనే నాదస్వర విద్వాంసుణ్ణి ఆటోలో తీసుకొచ్చారు. పొట్ట ఉబ్బి, వేలితో తడితే మోగుతోంది.

"రెండు దినాలుగా ఇట్లే ఉండాది డాక్టరమ్మా. గాలి గూడా పోలేదు," అంది ఆయన భార్య రత్నమ్మ.

వెంటనే ఎక్స్‌రే తీయించాను. పెద్దపేగు చివరి వంపు కడుపంతా ఆక్రమించి, పెద్ద కాఫీ గింజలా కనబడింది. ఆ వంపును సిగ్మాయిడ్ అంటారు. అది మెలితిరిగితే లోపలి గాలికి దారి ఉండదు, కాసేపటికి రక్తానికీ ఉండదు.

ఇలాంటప్పుడు, పేగు చచ్చిన గుర్తులు లేకపోతే ముందే కోయరు. మలద్వారం గుండా సిగ్మాయిడోస్కోప్ అనే గొట్టాన్ని మెలిక దాకా పంపి, అందులోంచి మెత్తని రబ్బరు ట్యూబును దాటిస్తారు. దాటించాను. గాలీ, నీళ్ల విరేచనమూ ఒక్కసారిగా నా ఏప్రన్ మీదికి దూసుకొచ్చాయి. ఆ కంపులోనే నర్సులూ నేనూ నవ్వుకున్నాం. మా కళ్ల ముందే పొట్ట దిగిపోయింది.

వెంకటప్ప లేచి కూర్చోబోయాడు. "బాగుండాదమ్మా. రేపు పెండ్లిలో వాయించల్ల. పోతాను."

విప్పిన మెలిక మళ్లీ పడుతుందనీ, ఆ వంపును తీసేయక తప్పదనీ చెప్పాను. మామూలుగా అయితే కొద్ది రోజులు ఆగి, పేగును శుభ్రం చేసి ఆపరేషన్ చేస్తాం. కానీ ఎంతసేపైనా ఆయన నాడి వేగం తగ్గలేదు. చెయ్యి వేసి చూస్తే పొట్ట ఎడమ వైపు గట్టిపడుతోంది. పేగు ఎక్కడో చచ్చిపోతోందని అనుమానం కలిగి, వెంటనే థియేటర్ సిద్ధం చేయమన్నాను.

అవసరమైతే పేగు చివరను పొట్ట మీదికి తెచ్చి, మలం పడేందుకు కొన్ని నెలలు సంచీ కట్టాల్సి రావచ్చని ముందే చెప్పాను.

"సంచీ కట్టుకోని ఊపిరి బిగబట్టి ఊదేదెట్లమ్మా?" అన్నాడు.

"ముందు పానం ఉండనీ. ఊదేది ఆమీద చూస్తాము," అంది రత్నమ్మ.

కడుపు తెరిచేసరికి పేగు మీద నల్లటి మచ్చ. ముట్టుకుంటే చిరిగేలా ఉంది గానీ, చిల్లు పడలేదు. మెలికపడిన వంపంతా కోసి తీసేశాను. ఇక మిగిలింది సంచీయా, అతుకా అన్న ప్రశ్న. సిద్ధం చేయని పేగును అతికితే కుట్లు వీడి, మలం కడుపులోకి కారవచ్చు. మనిషి ప్రాణానికే ముప్పు. రెండు చివర్లూ పరీక్షించాను. ఎర్రటి రక్తం చిప్పిల్లుతోంది, అంటే అవి బతికే ఉన్నాయి. మత్తు డాక్టరు గారిని బీపీ అడిగితే, నిలకడగా ఉందనీ, కంగారు పడకుండా చేసుకొమ్మనీ అన్నారు. పై పేగును సెలైన్‌తో కడిగించి, ఎక్కడా లాగుడు లేకుండా అతికాను.

ఆ తర్వాత రౌండ్స్‌కు వెళ్లినప్పుడల్లా నాది ఒకటే ప్రశ్న, గాలి పోయిందా అని. ఒక పొద్దున రత్నమ్మ వార్డు గుమ్మంలోనే ఎదురొచ్చి, అందరూ వినేలా చెప్పింది. "పోయిందమ్మా, గాలి పోయింది." వార్డంతా నవ్వింది. అతికిన పేగు పనిచేస్తోందని నేను మాత్రం గంతు వేసినంత పని చేశాను.

చీఫ్ తిరిగొచ్చి, సంచీ ఎందుకు పెట్టలేదని అడిగారు. పేగు చివర్లలో రక్తం చూశానని చెప్పాను. ఆయన తలూపారు. ఆ పెళ్లిళ్ల కాలమంతా వాయిద్యం ముట్టకుండా ఉండి, కుట్లు గట్టిపడ్డాక వెంకటప్ప మళ్లీ కచేరీలు మొదలుపెట్టాడు.

నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లకు ఈ కేసు తప్పక చెప్పేదాన్ని. పొట్ట దిగిందని, రోగి లేచి కూర్చున్నాడని పక్కనుంచి కదలవద్దు. నాడి కూడా దిగాలి.